రాబోయే ప్రదర్శనలో అమ్మ

మ్యూజియం గుమ్మంలో 'రాబోయే ప్రదర్శనలు' అని ఒక బోర్డు ఉంటుంది. వచ్చే జనం దాని మొహం చూడరు. వాళ్ళకి టాయిలెట్ ఎటువైపో తెలిస్తే చాలు. ఆ బోర్డుని ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చదివే మనిషి మొత్తం ఊళ్ళో ఒక్కతే ఉంది. లోపల గదుల్లో కుర్చీ వేసుకుని, బొమ్మల్ని ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాసేది ఆమే. పొద్దస్తమానం "కొంచెం దూరం, కొంచెం దూరం" అంటుంది కనక తోటివాళ్ళు ఆమెకి 'దూరం అక్క' అని పేరు పెట్టారు. ఇంట్లో మనవరాలు టీవీకి దగ్గరగా జరిగినా ఆమె నోట్లోంచి అదే మాట వస్తుందట.

ఆమె కళ్ళెదుట ఎన్ని ప్రదర్శనలు వచ్చాయో, ఎన్ని పోయాయో! పాత నాణేలు, మట్టికుండలు, ఏం గీశారో గీసినవాళ్ళకే తెలియని రంగుల గీతలు. దేనికీ ఆమె మనసు చలించలేదు. బొమ్మల మీద ప్రేమతో ఆ ఉద్యోగంలో చేరిందనుకుంటే పొరపాటే. చాలీచాలని జీతానికి అక్కడే అంటిపెట్టుకుని ఉన్నది ఒక్కందుకు. ఏదో ఒకనాడు ఆ బోర్డు మీద ఒక మాస్టారి పేరు వస్తుందని.

వాళ్ళమ్మ బొమ్మలు వెయ్యడం నేర్పే బడిలో పనిచేసేది. ఊడ్చే పని అని పిల్లలకి చెప్పింది. నిజానికి ఆమె పని కదలకుండా కూర్చోవడం. మాస్టారు ఆమెని చూసి బొమ్మ వేసుకునేవాడు. కొన్నిసార్లు భుజం మీద బట్ట ఉండేది, కొన్నిసార్లు ఉండేది కాదు. ఈ సంగతి ఎలా పొక్కిందోగాని, తోటి కుర్రాళ్ళు ఆమె కొడుకుని ఏడిపించుకు తిన్నారు. వాడు తల కొట్టేసినట్టయి ఇంటికొచ్చి, గోడకున్న అమ్మ ఫోటో తీసి ముక్కముక్కలు చేశాడు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోటోనే. అమ్మ వాణ్ణి పల్లెత్తు మాట అనలేదు. ముక్కలు తనే ఎత్తి పారబోసింది. మరుసటేడు జ్వరమొచ్చి పోయింది. కూతురికి అప్పటికి ఊహ తెలిసీ తెలియని వయసు.

కూతురికి అమ్మ ఒడి, చెయ్యి, కూర్చునే తీరు గుర్తున్నాయి; మొహం మాత్రం మసకమసకగా మిగిలింది. వంగిన కనుబొమలు, ఏదో చెప్పబోయి ఆపుకున్న నవ్వు. అదీ ఏటికేడు అరిగిపోతూ వచ్చింది. మాస్టారు ఎవరికీ చూపించని బొమ్మలు ఆయనింట్లో గదినిండా ఉన్నాయనీ, అన్నిట్లోనూ మీ అమ్మేననీ పిన్ని ఒకసారి నోరు జారింది. ఆ మాట పట్టుకుని ఈమె ఆ ఇంటి గేటు దాకా వెళ్ళింది కూడా. ఏమని అడగాలో తెలియక తిరిగొచ్చేసింది.

మాస్టారు పోయాక, ఆ పేరు రానే వచ్చింది. 'ఇంతవరకు ఎవరూ చూడని చిత్రాలు' అని కింద రాశారు. ఆ సాయంత్రమే ఆమె అన్న కుట్టుమిషన్ దగ్గరికి పరిగెత్తింది.

"వచ్చే నెల మాస్టారి బొమ్మలు పెడుతున్నారన్నయ్యా."

మిషన్ ఆగింది. "అయితే?"

"వచ్చి చూడు."

"ఊరంతా చూస్తుందిగా, చాలదూ? నువ్వు కూడా ఆ నెల సెలవు పెట్టేయ్."

"సెలవా? ఆ గదిలో డ్యూటీ నాకే వెయ్యమని అడిగొచ్చాను."

"మతి గాని పోయిందా నీకు?"

"నాకు అమ్మ మొహం గుర్తు లేదు. ఆ ఫోటో నువ్వు చింపకపోతే నాకీ తిప్పలెందుకు?"

ఆ మాట అనకూడదనే ఇన్నేళ్ళూ కడుపులో దాచుకుంది. అన్న సూది కింది గుడ్డ లాగి మడతపెట్టాడు. "నేనూ చిన్నవాణ్ణే కదే అప్పుడు," అన్నాడు.

ప్రదర్శన మొదలయ్యే రోజు ఆమె అందరికంటే ముందు వచ్చింది. బొమ్మల మీద గుడ్డలు తీశారు. కిటికీ పక్కన ఒక స్త్రీ. ఎడమకాలు తొడకింద మడుచుకుని కూర్చున్న తీరు, మెడ దిగువన పుట్టుమచ్చ, పూర్తిగా చాపుకోని చిటికెనవేలు. అమ్మే! ఆమె తల ఎత్తి మొహం చూసింది. గుండ్రటి బుగ్గలు, పెద్ద కళ్ళు, జన్మలో చూడని మనిషి. పక్క బొమ్మ దగ్గరికి వెళ్ళింది. అమ్మ ఒళ్ళు, అదే పరాయి మొహం. గోడలన్నీ చుట్టి వచ్చింది. అన్నిట్లోనూ ఆవిడే.

మధ్యాహ్నం ప్రదర్శనలు చూసుకునే మేడమ్ జనాన్ని తీసుకొచ్చి వివరించింది. "మోడల్‌ని కూర్చోబెట్టి ఒళ్ళు వేసేవారు. మొహం మాత్రం భార్యది. లేకపోతే ఆవిడ ఇంట్లో అడుగు పెట్టనిచ్చేది కాదట."

అందరూ నవ్వారు. "మరి ఆ మోడలెవరండీ?" అని ఎవరో అడిగారు.

"తెలీదండీ. ఆయన ఎవరికీ చెప్పలేదు."

కుర్చీలో కూర్చున్న మనిషి లేచి నిలబడింది. నోరు తెరిచింది. జనం పక్క గదిలోకి వెళ్ళిపోయారు.

ఏం బుద్ధి పుట్టిందోగాని అన్న వారం తిరక్కుండా వచ్చాడు. పెద్ద బొమ్మ ముందు నిలబడి మొహం చూసి, బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలాడు. "అమ్మ కాదే! ఎవరింటి ఇల్లాలో. ఊరికే భయపడి చచ్చాను."

"మొహం కాదు, కింద చూడన్నయ్యా."

వాడు కిందికి చూడలేదు. చూడదలుచుకోలేదని ఆమెకి అర్థమైంది. వస్తానని చెప్పి, వచ్చినప్పటికంటే తేలిగ్గా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆమెకి వాడి మీద కోపం కూడా రాలేదు.

డ్యూటీ మార్చమని సూపర్‌వైజరుని అడిగింది. "కాళ్ళావేళ్ళా పడి వేయించుకుంది నువ్వే కదమ్మా! నెలాఖరు దాకా కూర్చో," అన్నాడాయన. కూర్చుంది. పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి మూసేదాకా నాలుగు గోడల మీదినుంచీ మాస్టారి భార్య ఆమెనే చూస్తూ ఉండేది.

నెలాఖరుకి బొమ్మలు పెట్టెల్లో పెట్టి తీసుకెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళే బస్సులో ఆమె కళ్ళు మూసుకుని, ఆ మసక మొహమే చాలుననుకుంటూ అమ్మని తలుచుకుంది. మాస్టారి భార్య మొహం వచ్చింది. కళ్ళు తెరిచి, మళ్ళీ మూసి చూసింది. ఆవిడే.