బి.ఏ., ఒక బస్తా ఉలవలు

నేను బి.ఏ. పాసయ్యాను. సెకండ్ క్లాసు. మా వంశంలో నాకంటే ముందు ఎవరూ ఆరో తరగతి గడప దాటలేదు. (పాసై నలభై ఏళ్ళు దాటిన మాట నిజమే. అయినా ఏం చెప్పబోయినా ఈ ముక్క ముందు బయట పడితే తప్ప మిగతా మాటలు కదలవు. పెళ్ళిచూపుల్లో మా ఆవిడ నా నోట విన్న మొదటి మాట కూడా ఇదే. ఆమె అడిగింది మాత్రం మంచినీళ్ళు కావాలా అని.)

ఆ రోజుల్లో పాతబస్తీలో మాలాంటి ఇళ్ళల్లో నెలంటే ముప్పై రోజులు కాదు. ఇరవై రెండు రోజులు, ఆ పైన అమ్మ తెలివి. ఛత్రినాకలో రెండు గదుల ఇంట్లో ఏడుగురం: బాపు, అమ్మ, నాయనమ్మ, నేను, చెల్లె, ఇద్దరు తమ్ముళ్ళు. బాపు దఫ్తర్‌లో చప్రాసీ. పెద్దసాబు బల్ల, కుర్చీ, ఫోన్ రోజూ పొద్దున్నే తుడవడం ఆయన పని. బియ్యం మాత్రం ఊరి నుంచి మేనమామ పంపేవాడు. ఆ అన్నంలోకి కావలసినవన్నీ, అంటే పప్పు, చింతపండు, మిర్చి, నూనె, బెల్లం, నెల మొదట్లో బాపు ఒక్కసారే ఉస్మాన్‌గంజ్ నుంచి తెచ్చేవాడు. గల్లీలో దుకాణం కంటే గంజ్‌లో అగ్గువ. అక్కడి నుంచి అమ్మ రాజ్యం. నూనె సీసాకు ఆమె దారం కట్టి గుర్తు పెట్టేది. దారం దిగకుండా నూనె దిగడానికి లేదు. ఇరవై రెండో తారీఖు దాటితే పప్పు చారయ్యేది, చారు వాసనయ్యేది. ఆఖరి రెండు రోజులూ ఉప్పు, మిరపకాయ, నాయనమ్మ చెప్పే కథలు.

ఆ నెల పెద్దసాబు జిల్లాల దౌరాకు పోతూ బాపును వెంట తీసుకుపోయాడు. సామాను తెచ్చే పని నా మీద పడింది. అమ్మ చెబుతుంటే చీటీ నేనే రాశాను. పైసలు గుడ్డలో మూటగట్టి నా బనియను లోపలి జేబులో పెట్టి, పైన రెండు కుట్లు కూడా వేసింది.

“కందిపప్పు ముందుగాల తీస్కో,” అంది. “చింతపండు గింజ తీసింది సూడు. జేబు మాటిమాటికి తడుముకోకు, దొంగకు నువ్వే జాగ చూపెట్టినట్టయితది. ఎవలతోని ముచ్చట పెట్టకు.”

మొదటి మూడూ చేయగలిగేవాణ్ణే. ముంచింది నాలుగోది.

నయాపుల్ దాటి అఫ్జల్‌గంజ్ చేరేసరికి ఇరానీ హోటల్ ముందు పదిమంది ఒక్క పేపర్ మీద వంగి ఉన్నారు. మా బి.ఏ. ఫలితాలు. సందులోంచి తల దూర్చి చూశాను. నా నంబరు ఉంది. కళ్ళు మూసి తెరిచి మళ్ళీ చూశాను, ఉంది. మూడోసారి చూడబోతుంటే పేపర్ యజమాని అన్నాడు, “ఉన్నదా? ఉంటే ఇగ తల తియ్యి భాయ్, లేనోళ్ళు గూడ చూడాలె గద.”

తల తీశాను గానీ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాళ్ళు ఒకచోట నిలవలేదు. ఇంటికి ఉరుకుదామా అంటే సామాను లేకుండా పోతే అమ్మ బి.ఏ.ను గడప దాటనివ్వదు. గంజ్ వైపే నడిచాను, నడిచానో ఎగిరానో. దారిలో ఒక హమాలీకి చెప్పాను. వీపు మీద బస్తాతో వంగి నడుస్తూ, “గట్లనా, మంచిగైంది. జర పక్కకు జరుగు, బస్తా మీద పడ్తది,” అన్నాడు. నేల మీద ఒలికిన గింజలు ఊడ్చి చెరుగుతున్న ఒక అవ్వకు చెప్పాను.

“పాసైతే నౌకరి ఇస్తరా బిడ్డా?”

“ఇస్తరవ్వా.”

“ఎన్నడు?”

నేను ముందుకు నడిచాను. (ఇచ్చారు. పద్నాలుగు నెలలకు.)

ఇక్కడ నా చేతి సంగతి చెప్పాలి. మా కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ ఒకాయన, సంతోషం కలిగితే షేక్‌హ్యాండ్ ఇచ్చేవాడు. అది చూసి మేమందరం నేర్చుకున్నాం. చదువుకున్నవాడి సంతోషం చేతిలోనే ఉంటుందని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో ఒక పెద్ద దుకాణం ముందు ఆగాను. గింజల కుప్ప పక్కన నలుగురు వ్యాపారులు నిలబడి ఉన్నారు. మధ్యలో భుజాన తువ్వాలు వేసుకున్న ముసలి దలాల్. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు చాలు నాకు. నేరుగా పోయి చేయి చాచాను.

ఆయన నా చేయి పట్టుకుని భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతుల మీదా కప్పాడు.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెద్దవాళ్ళకు శాలువా కప్పుతారని విన్నాను. ముక్కూముఖం తెలియని కుర్రాడు పాసైతే చేతికైనా కప్పే ఈ గంజ్ ఎంత గొప్పది అనుకున్నాను. తువ్వాలు కింద ఆయన నా వేళ్ళు రెండు నొక్కాడు. సంతోషం పట్టలేక నేను ఆయన నాలుగు వేళ్ళూ పట్టి నొక్కాను. ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి. మళ్ళీ ఒకసారి, సందేహంగా, నాలుగు నొక్కాడు. నేను అయిదూ కలిపి పిండాను. ఆయన నా మొహం చూసి తల ఊపాడు. నేనూ ఊపాను. తువ్వాలు తీసి, “సౌదా హోగయా,” అన్నాడు. ఎవరో సూదీ పురికొసా తెచ్చి బస్తా మూతి కుట్టడం మొదలుపెట్టారు.

చుట్టూ ఉన్న వ్యాపారులు నన్ను చూస్తున్న చూపు సన్మానం చూపులా లేదు. అందులో ఒకాయన పక్కవాడితో మెల్లగా అన్నాడు, “నాకు యాభై ఏండ్లొచ్చినయ్. కొనేటోడు రేటు పెంచుడు ఇదే సూసుడు.”

సంగతి అప్పుడు తెలిసింది. గంజ్‌లో పదిమంది ముందు బేరం నోటితో ఆడరు. ధర పక్కవాడికి తెలియకుండా తువ్వాలు కింద వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. మామూలు ధర మీద రెండు రూపాయలు ఎక్కువ ఇమ్మని దలాల్ అడిగితే, నేను నాలుగిస్తానన్నాను. నిజంగా నాలుగేనా అని ఆయన అడిగితే, కాదు అయిదు అన్నాను. ఇలా కొన్నది ఒక నిండు బస్తా. అందులో ఉన్నవి ఉలవలు. (బజారులో కొనేవాడూ అమ్మేవాడూ కలిసి ధర ఎట్లా తేలుస్తారో వివరించమని నా ఎకనామిక్స్ పేపర్లో ప్రశ్న వచ్చింది. నాలుగు పేజీలు రాశాను. దాని బలం మీదే పాసయ్యానేమో కూడా.)

దుకాణం సేఠ్ గద్దె మీద నుంచి అంతా చూస్తున్నాడు. పిలిచి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. “బేటా, గంజ్ మే హాథ్ దియే తో జబాన్ దియే,” అన్నాడు, చేయి ఇస్తే మాట ఇచ్చినట్టే అని. మళ్ళీ నా మొహం చూసి మెత్తబడ్డాడు. “అయినా నువ్వు పోరనివి. పోయి మీ బాపును తోల్కరా. ఆయన వద్దంటే వాపస్ తీస్కుంట.”

ఎంత మంచి మాట. ఒక్క ‘సరే’ అంటే అమ్మ చీటీ అమ్మ చీటీలాగే ఉండేది. కానీ బాపు దౌరా నుంచి రావడానికి ఇంకా వారం. వచ్చాక ఇక్కడికి తీసుకొచ్చి, ‘మావాడు తెలివి లేక చేసిండు’ అని ఆయనతో అనిపించాలి. అదీ నేను బి.ఏ. అయిన వారానికే. నీళ్ళు మింగి అన్నాను, “వద్దు సేఠ్‌జీ. మాకు ఉలవలే కావాలె.”

గ్రాడ్యుయేట్‌గా నేను తీసుకున్న మొదటి నిర్ణయం అది. కుట్లు విప్పి మూట తీసి ఇచ్చాను. మిగిలిన దాంట్లో ఇంత చింతపండు, ఇంత మిర్చి వచ్చాయి. కందిపప్పు, నూనె, బెల్లం చీటీలోనే ఉండిపోయాయి.

బి.ఏ. సంగతి విని సేఠ్‌కు ముచ్చటేసింది. పక్కనున్న నల్లటి ఫోన్ నా ముందుకు జరిపాడు. “ఇంత ఖుషీ కబర్ కడుపుల పెట్టుకుంటవా? ఎవరికి చెప్తవో చెప్పుకో.” అంతవరకు నేను ఫోన్ ముట్టలేదు. అమ్మ చీటీ వెనక్కి తిప్పి, చెప్పాల్సినవాళ్ళ పేర్లు గబగబా రాసుకున్నాను. రాశాక గానీ తట్టలేదు, వాళ్ళల్లో ఫోన్ ఉన్నవాళ్ళెవరూ లేరని. సేఠ్ చూస్తున్నాడు. రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకున్నాను. అవతల ఆపరేటరమ్మ గొంతు, “నంబర్ ప్లీజ్.” నాకు తెలిసిన నంబరు ఒక్కటే, పేపర్లో చూసింది. అదే చెప్పాను. అట్లాంటి నంబరు లేదంది. “ఉన్నది మేడం. పేపర్ల చూసిన. నేను బి.ఏ. పాసైన,” అన్నాను. కొంచెంసేపు గరగర. తర్వాత, “ముబారక్,” అని పెట్టేసింది.

బస్తాను ఇంటికి చేర్చింది మా గల్లీలోనే ఉండే టాంగా చాచా. అఫ్జల్‌గంజ్ అడ్డాలో కనిపించాడు. “అరె, మా ఘోడీ రాషన్ నువ్వెందుకు కొన్నవ్ బేటా?” అన్నాడు. దారి పొడుగునా ఆ గుర్రం ఆగి ఆగి మెడ వెనక్కి తిప్పి బస్తాను చూస్తూనే ఉంది. ఆ రోజు నన్ను అంత ఆపేక్షగా చూసిన ప్రాణి అదొక్కటే, అదీ నన్ను కాదు.

గుమ్మంలో బస్తా దించగానే అమ్మ మూతి కొద్దిగా విప్పి చేయి పెట్టి చూసింది. నన్ను చూసింది.

“ఇంకేం తెచ్చినవ్?”

“అమ్మా, నేను బి.ఏ. పాసైన.”

ఆమె చేతికంటిన గింజలు బస్తాలోకి దులిపింది. “రెండూ ఒక్కనాడే తెచ్చినవా,” అంది. లోపలికి పోయి డబ్బా అడుగున మిగిలిన బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది. (అది నెలాఖరు పండుగకని దాచింది. ఈ సంగతి చాలా ఏళ్ళకు చెల్లె చెప్పింది.) అప్పుడు దర్వాజా పరదా పక్కన నిలబడి చాచాతో బేరం మొదలుపెట్టింది. తువ్వాలు లేదు, వేళ్ళు లేవు.

“అన్నా, నీ గుర్రానికి దాణా ఎవల కాడ తెస్తవు?”

“బజార్ల, అమ్మా.”

“రేపటి సంది నా కాడ తీస్కో. బజారు ధరకే ఇస్త. పైసలు ఏ పొద్దుదాపొద్దు. మావోడే నీ ఇంటికి తెచ్చిస్తడు.”

“బి.ఏ. సాబ్ తెస్తడా?” చాచా నవ్వాడు. “అయితే మా ఘోడీకి ఇజ్జత్ పెరిగినట్టే.”

అట్లా తెల్లారి నుంచి గంప నెత్తిన పెట్టుకుని గుర్రానికి దాణా మోశాను. చాచా ఇచ్చే చిల్లరతో అమ్మ ఏ రోజు నూనె ఆ రోజు, ఏ రోజు ఆకుకూర ఆ రోజు తెచ్చేది. మిగతాదంతా ఉలవలే. ఉలవచారు, ఉలవ గుగ్గిళ్ళు, ఉలవ పచ్చడి. పళ్ళు లేని నాయనమ్మ, చారు తాగి, “నా మనుమడు నా కోసరమే తెచ్చిండు,” అని గల్లీ అంతా చెప్పుకుంది. తమ్ముళ్ళు పీటల మీద కూర్చుని కంచం రాగానే సకిలించేవాళ్ళు. చెల్లె నాకు ‘గుర్రం బి.ఏ.’ అని పేరు పెట్టింది. ఎనిమిదో రోజు బాపు వచ్చాడు. రెండు సంగతులూ తమ్ముళ్ళు ఒక్క ఊపిరిలో చెప్పేశారు. ఆయన కాళ్ళు కడుక్కుని కూర్చుని, చారు పోసుకుని అన్నమంతా తిన్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడలేక, కూర్చోలేక చూస్తున్నాను. చేయి కడుగుతూ అన్నాడు, “డిగ్రీ మంచిగున్నది. జర చింతపండు తక్కువైంది.”

అంతే. బయటికి పోయి అర్ధగంటకు వచ్చాడు. ఆ అర్ధగంటలో గల్లీలో నా సంగతి తెలియని ఇల్లు లేకుండా చేశాడట.

విచిత్రమేమిటంటే ఆ నెల ఇరవై రెండు దగ్గర ఆగలేదు. ఇరవై మూడూ వచ్చింది, ముప్పై కూడా వచ్చింది, చారు చారులాగే ఉంది. ఆఖరి రోజు అమ్మ ఖాళీ బస్తా దులిపి నాయనమ్మ కింద పరిచింది. “వచ్చే నెల గూడ నువ్వే పో,” అంది నాతో. “కాని చేతులు జేబుల పెట్టుకొని పో.”

ఇప్పుడు మా ఇంట్లో ఫోన్ ఉంది. అది పక్కనుంటే ఇప్పటికీ నా చేయి ఊరుకోదు. మొన్న పాత సర్టిఫికెట్ల ఫైలులో ఆ చీటీ దొరికింది. ఒక పక్క మేము తినాల్సినవి, ఇంకో పక్క నేను చెప్పాల్సినవాళ్ళు. ఫోన్ పెట్టేశాక చేర్చిన ఆపరేటరమ్మకు టిక్కు పెట్టి ఉంది. మిగిలినవాళ్ళు వీళ్ళు, బ్రాకెట్లలోవి మాత్రం మొన్న నేను రాసుకున్నవి:

ఇంగ్లీషు లెక్చరర్ (చేయి సంగతి చెప్పకూడదు).

మేనమామ (ఊళ్ళో పోస్టాఫీసుకైనా ఫోన్ వచ్చిందేమో కనుక్కోవాలి).

టాంగా చాచా (లేకపోతే గుర్రానికి చెప్పినా చాలు).

బాపు (పెద్దసాబు ఫోన్‌కు పొద్దున్నే చేయాలి, తుడుస్తూ ఉంటాడు).

అమ్మ (ఆఖరుకు, ఇంటికే పోతున్నాను కదా).