లోవరాజు బిల్లు మీద సూర్యప్రకాశం గారి విచారణ

గౌతమి మీద వంతెన ఎప్పుడు కట్టారో రావులపాలెంలో తడుముకోకుండా చెప్పగలవాళ్లు తక్కువ. సూర్యప్రకాశం గారు మొట్టమొదట "ఎంతకి తీసుకున్నారండీ?" అని ఎప్పుడు అడిగారో మాత్రం అందరికీ గుర్తే. సహకార బ్యాంకులో రిటైరైన మర్నాడు పొద్దున్న, పక్కింటాయన చంకలో పుచ్చకాయను చూసి అడిగారు. ఆనాటితో ఊరి చరిత్ర రెండు యుగాలుగా చీలింది: కొన్న వస్తువు అందరికీ కనబడేలా పట్టుకెళ్లిన యుగం, కండువా కింద దాచుకెళ్లిన యుగం.

ధర చెప్పగానే ఆయన కళ్లజోడు పైకి తోసి, "ఇదేం ధరండీ!" అంటూ అమ్మినవాడి దగ్గరికి బయల్దేరేవారు. ఆ తర్వాత కొట్లోంచి కేకలు. లోపల ఏం జరిగిందని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

అందుకే ఆ మార్చి మధ్యాహ్నం, తనిచ్చిన బిల్లు ఆయన చేతిలో కనబడగానే మెకానిక్కు లోవరాజు పానా జారవిడిచాడు. హైవే పక్కన షెడ్డు వేసింది మొన్న సంక్రాంతికే. 'దోపిడీ' అన్న మాట ఒక్కటి ఆయన నోట పడితే సాయంత్రానికి అరటి మార్కెట్టంతా పాకుతుంది. ఇక ఆ గుమ్మం తొక్కే బండి ఉండదు.

బిల్లు ఆయన చేతికిచ్చి వెంట వచ్చింది చంద్రరావు. గెలల వ్యాపారి, సూర్యప్రకాశం గారికి బావమరిది. తన అంబాసిడరుకి బ్రేకులు చేయించుకున్నాడు గానీ డబ్బులివ్వడానికి చెయ్యి రాక బావగారిని ప్రయోగించాడు.

"చూడండి బావగారూ, పద్దెనిమిది వందలంట! బ్రేకులేశాడా, బంగారం తాపడం చేశాడా?"

"అడిగితేనే మాట్లాడు," అని సూర్యప్రకాశం గారు స్టూలు మీద ఆసీనులయ్యారు. "ఏం లోవరాజూ, తీసేసిన సామాన్లేవి?"

లోవరాజు పాత లైనర్లు తెచ్చి ముందు పెట్టాడు. అరిగి రివిట్లు తేలాయి. ఆయన గోటితో గీకారు, వాసన చూశారు, పక్కన పెట్టారు. ముఖంలో ఏమీ తెలియలేదు.

"ఆ మూల గడ్డిమేటేంటి?"

"మినప తీగలండి. బండ్లు తొక్కితే గింజ రాల్తదని కొత్తపేట రోడ్డంతా మినుము పరిచారు కదండి. ఈయన దానిమీంచే పోనిచ్చారండి. తీగలు చక్రాలకి చుట్టుకుపోయి బ్రేకాయిలు గొట్టం తెంపేశాయండి."

"లాగడానికి ఎంతసేపు పట్టింది?"

"పొద్దున్న కూచుంటే దీపాలేళయిందండి. కొడవలెట్టి కొయ్యాల్సొచ్చిందండి."

"మరి బిల్లులో అదేదీ?"

"అయ్యబాబోయ్! గడ్డి పీకినందుకు కూడా డబ్బులు తీసుకుంటారేంటండీ?"

సూర్యప్రకాశం గారు లేచారు. "బండెక్కండి."

ఏటిగట్టు దిగే వాలులో చంద్రరావు స్టీరింగు పట్టుకున్నాడు. పక్కన ఆయన, వెనక సీట్లో లోవరాజు.

"గేరు తీసెయ్. నేను చెప్పేదాకా బ్రేకు ముట్టుకోకు."

"బావగారూ, కింద గెలల లారీ ఆగుందండి!"

"నాకూ కళ్లున్నాయి."

"తొక్కనా?"

"ఉండు."

లారీ వెనక వేలాడుతున్న గెలలు పెద్దవయ్యాయి. గెలల్లోని పెడలు, పెడల్లోని పళ్లు విడివిడిగా కనిపించాయి. ఒక పండు మీద వాలిన ఈగ కూడా కనిపించింది. లోవరాజు అన్నవరం సత్యనారాయణస్వామికి తలనీలాలు మొక్కాడు, చాలదనిపించి వ్రతం కూడా కలిపాడు.

"తొక్కు!"

కారు ఏ పక్కకీ లాగకుండా, తాడేసి కట్టినట్టు నిలబడిపోయింది. ఈగ ఎగిరిపోయింది.

షెడ్డుకి తిరిగొచ్చారు. సూర్యప్రకాశం గారు కళ్లజోడు పైకి తోశారు.

"ఇదేం ధరయ్యా!"

చంద్రరావు మొహం వెలిగింది. "ఎంత తగ్గించమంటారు?"

"తగ్గించడమేంటి? రెండొందలు కలిపి ఇయ్యి. పొద్దస్తమానం కొడవలి పట్టినవాడికి కూలుండదా? ఇలా ధర్మానికి చేస్తే వీడు దీపావళికల్లా షెడ్డు మూస్తాడు. అప్పుడు నీ కారుకి బ్రేకులు నేనెయ్యనా?"

"బావగారూ, నేను మీ బావమరిదినండీ!"

"అందుకే రెండొందలు. పరాయివాడైతే మూడు."

చంద్రరావు ముక్కుతూ ఇచ్చి వెళ్లిపోయాడు. లోవరాజు నోట్లు పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడితే, పక్క బడ్డీలోంచి పుణుకులేసే మరిడమ్మ నవ్వింది.

"బెంబేలెత్తకురా అబ్బాయ్. నా మీదా అలాగే అరిచారు. పుణుకుల ధర పావలా పెంచితేగానీ కదల్లేదు మహానుభావుడు. బయటోళ్లంతా ఆ కేకలు ధర తగ్గించడానికే అనుకుంటారు."

మహానుభావుడు అదేమీ వినిపించుకోకుండా సైకిలెక్కారు. హైవే దగ్గర బస్సు అడ్డం రాగానే రెండు చెప్పులూ నేలకేసి బరబరా రాస్తూ ఆగారు.

ఆ సైకిలుకి బ్రేకుల్లేవు.