తలుపుతోపాటు లోపలికెళ్ళిన మాట

మంచి ఉద్దేశంతో ఒక మనిషి ఎంత బీభత్సం సృష్టించగలడో మీకు అనుమానముంటే నన్నడగండి. నానక్‌రామ్‌గూడలో ఒక కొత్త ఆఫీసు భవనం ప్రారంభానికి ముస్తాబవుతుంటే, చూపులేని ఒక ఇంజనీరు గారిని సరాసరి మగవాళ్ళ టాయిలెట్‌లోకి పంపిన ఘనత నాది. సరిగ్గా అలాంటిది జరగకుండా చూడటానికే నాకు జీతమిచ్చేవాళ్ళు.

అప్పటికి నేను భీమవరం నుంచి వచ్చి, మియాపూర్‌లో యాదగిరన్న బోర్డుల వర్క్‌షాపులో కొత్తగా చేరాను. చదివింది డిజైన్. ప్రపంచంలోని ప్రతి వస్తువునూ నేను కాస్త సరిదిద్దాల్సి ఉందని గట్టి నమ్మకం.

ఆ భవనంలో ప్రతి గది పక్కనా ఉబ్బెత్తు అక్షరాల పలక, దాని కింద బ్రెయిలీ చుక్కల పట్టీ పెట్టాలి. ఆ చుక్కలు ఎలా పుడతాయో మొదటిసారి చూసినప్పుడు నేను భోజనం మాట మరిచి యంత్రం పక్కనే నిలబడిపోయాను. పైన అతికిస్తారేమో అనుకునేవాణ్ణి. కాదు. యంత్రం అక్రిలిక్ పట్టీలో సన్నని రంధ్రాలు వేస్తుంది. ఒక్కో రంధ్రంలో ఒక్కో పూసను నొక్కుతారు. పూస సగం లోపల కూరుకుపోయి, మిగతా సగం నున్నగా పైకి నిలుస్తుంది. గోరుతో గీకినా ఊడదు. గీకి చూశాను. యాదగిరన్న నన్ను చూశాడు.

"ఏందిరా శ్రీనూ, మాడిన గిన్నె లెక్క గీకుతున్నవ్?"

"ఇంత చిన్నవి వేలికి ఎలా తెలుస్తాయన్నా? గసగసాల్లా ఉన్నాయి!"

"తెలుస్తయ్‌ తీయ్. నేను కరీంనగర్‌ల పెండ్లికి పోతున్న. కంప్యూటర్ల ఫైలు ఎట్లున్నదో గట్లనే కొట్టు. నీ తెలివి జర పక్కకు పెట్టు."

పెట్టాను. ఆయన బస్సెక్కేవరకు.

తర్వాత కళ్ళు మూసుకుని పట్టీ మీద వేలు పెట్టాను. గరుకు తప్ప ఏమీ తెలియలేదు. నాకు బ్రెయిలీ రాదు కనుక తెలియలేదన్న సంగతి, అయ్యా, ఏ బడిపిల్లకైనా తడుతుంది. నాకు తట్టలేదు. చూపు తగ్గినవాళ్ళకు అక్షరం పెద్దది చేస్తాం కదా, అసలు చూపే లేనివాళ్ళకు ఇంకెంత పెద్దది చేయాలి! ఫైలు తెరిచి కొలత పెంచాను. గసగసాలు మిరియాలయ్యాయి. మనసొప్పక ఇంకా పెంచాను. శనగలయ్యాయి. ఆ సైజు పూసలు మా దగ్గర లేక, దండలమ్మే దుకాణంలో కొనుక్కొచ్చాను.

చుక్కలతోపాటు పట్టీలూ సాగాయి. పురుషుల టాయిలెట్ దగ్గర గోడ చాలలేదు. మాట సగం గోడ మీద, మిగతా సగం తలుపు మీద అతికించాను. భవనం బాగోగులు చూసే మేనేజరు మూర్తిగారు దూరంగా నిలబడి, "కన్నులపండువగా ఉందండీ!" అన్నారు. చూడటానికి అందంగా ఉన్న బ్రెయిలీని చూసుకుని ఇద్దరం మురిసిపోయాం.

మర్నాడు తనిఖీకి వసుధగారు వచ్చారు. ఆ భవనంలోకి రాబోతున్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. పుట్టుకతో చూపు లేదు. ఆమె చదివి సరేనంటేనే పని మాది, లేదంటే అన్నీ పీక్కుని వెళ్ళిపోవాలి. మూర్తిగారు 'ఇప్పుడే వస్తా'నని ఎటో వెళ్ళారు. వసుధగారు చేతికర్ర మడిచి, మొదట ఎదురైన పట్టీ మీద వేలుంచారు.

"ఏందిది?"

"బ్రెయిలీ అండీ."

"బ్రెయిలీయా? పొంగనాల పెనం బోర్లించిన్రు అనుకున్న."

"మీకు బాగా తెలియాలని కాస్త పెద్దది చేశానండీ."

"మరి మాట ఏడిదాక ఉన్నది?"

"ఇంకొంచెం కుడికి రండి."

వేలు జరిగింది. మనిషీ జరిగారు.

"ఇంకనా?"

"అయిపోవచ్చిందండీ, రండి రండి."

గోడ అయిపోయింది. వేలు తలుపెక్కింది. ఆమె చివరి చుక్క కోసం కాస్త నొక్కేసరికి తలుపు తెరుచుకుంది. మాట లోపలికి వెళ్ళింది. మాట వెంబడి వసుధగారూ వెళ్ళారు.

లోపల చేతులు కడుక్కుంటున్న మూర్తిగారు కెవ్వుమన్నారు. "అమ్మా! అమ్మా! ఇది మగాళ్ళదండీ!"

"ఆ ముచ్చట బోర్డు చెప్పాలె గద సార్! మీరు చెప్పుడేంది?"

ఆమె బయటికొచ్చి, కోప్పడతారనుకుంటే, గోడకానుకుని కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వాక నా చెయ్యి అడిగారు. నేను సంచీలోంచి తీసిచ్చిన, కొలత పెంచకముందు కొట్టిన గసగసాల పట్టీ మీద నా చూపుడువేలు ఆనించారు.

"ఒక అక్షరమంత వేలికొస కింద ఒక్కపారే పట్టాలె. అప్పుడే అది అక్షరం. బస్సు బోర్డు మీద 'మియాపూర్' అని రాయాలె గదా? 'మి' ఒక బస్సుకు, 'యా' ఎనుక బస్సుకు రాస్తే మీరెట్ల చదువుతరు?"

ఆమె వేలు ఆ పట్టీ మీద ఒక్కసారి నీళ్ళలా జారింది. "కాన్ఫరెన్స్ రూమ్" అన్నారు. నాకు గరుకు తప్ప ఏమీ తెలియనిదాన్ని రెప్పపాటులో చదివేశారు! అంత వింత నేనెప్పుడూ చూడలేదు. మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను, విసుక్కునేదాకా.

పెండ్లి నుంచి వచ్చిన యాదగిరన్న నన్నేమన్నాడో అచ్చువేయడం కుదరదు. ఫైలు ఉన్నదున్నట్టు కొట్టి పట్టీలన్నీ మళ్ళీ చేశాను, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అతికించాను. వసుధగారు మళ్ళీ వచ్చి వేలు ఆనించారు. ముఖం విప్పారింది.

"కొలత మస్తుగున్నది. ఒక్కొక్క చుక్క ముత్యం లెక్క తెలుస్తున్నది."

నేను గాల్లో తేలుతున్నాను.

"ఇగ జర తిప్పి పెట్టుండ్రి. అన్నీ తలకిందులుగ అతికించిన్రు."

కాబట్టి, ఆ గోడ సాక్షిగా, పట్టీ పీకే కత్తి చేతబట్టి ఘోర ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో బ్రెయిలీని నా కళ్ళతో సరిదిద్దను. పైవైపు ఏదో చదివేవాళ్ళు తేల్చి చెప్పేవరకు జిగురు మూత తీయను.