ఎర్రగుట్ట మలుపు దగ్గర ఆగిన నా కొత్త బండి

అమావాస్య నాడు మా టిప్పర్ డ్రైవర్లు బండి తియ్యం అని మొండికేస్తే, ఆ రోజు నేనే స్టీరింగ్ పట్టేవాణ్ణి. "దయ్యం గిట్ట కనవడితే లైసెన్సున్నదా అని అడుగుత. అసలే డ్రైవర్లు దొర్కుతలేరు" అని వాళ్లను ఆటపట్టించేవాణ్ణి. దయ్యాలనూ శకునాలనూ ఏనాడూ లెక్కచేయలేదు. ఇది చదివి మీరు నవ్వుకున్నా నాకు కోపం రాదు. ఇంకెవరైనా చెబితే నేనూ నవ్వేవాణ్ణే.

మాది తిరుమలగిరి దగ్గర చిన్న ఊరు. గొర్రెలు కాసుకునే కుటుంబం. మా బాపు బతికినన్నాళ్లూ మంద వెంటే నడిచాడు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ బండ్ల పిచ్చి. చదువు అబ్బలేదు, స్టీరింగ్ అబ్బింది. ఇప్పుడు నాకు నాలుగు టిప్పర్లున్నాయి, నందికొండ దగ్గర కాలువ పనులకు మట్టి తోలుతాను. ఇంజిన్ చప్పుడు విని జబ్బు ఎక్కడుందో చెప్పగలను. బండి విషయంలో నేను అంత తేలిగ్గా మోసపోయే మనిషిని కానని తెలియడానికే ఇదంతా చెబుతున్నాను.

నా కొత్త ఎస్‌యూవీ ఎలా ఉందో రాయమని మిత్రులు వాట్సాప్‌లో నా ప్రాణం తీశారు. వారం రోజులు నడిపాక కొంత రాశాను కూడా. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్. నాలుగు చక్రాలకూ పవర్. బటన్ నొక్కగానే, మాట్లాడబోయే ముందు పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు. స్పోర్ట్ మోడ్‌లో పెడితే స్టీరింగ్ బిగుస్తుంది, సైలెన్సర్ గొంతు మారుతుంది. ఒకటి నుంచి ఏడు లెక్కపెట్టేలోపు వంద స్పీడు దాటుతుంది. మొదటిసారి అలా తొక్కినప్పుడు నా వీపు సీటుకు అతుక్కుపోయింది, నోటి నుంచి కేక దానంతటదే వచ్చింది.

వంకలూ ఉన్నాయి. సస్పెన్షన్ మరీ గట్టి, మా ఊరి గుంతల్లో నడుము కదిలిపోతుంది. మైలేజీ అడగకండి, మా టిప్పర్లే నయం. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే మధ్యలో వాళ్లకు నరకం. బ్రేకులకు మాత్రం నూటికి నూరు మార్కులు. అద్దం వెనక కెమెరా, ముందు జాలీ వెనక రాడార్ ఉన్నాయి. ముందు ఏదైనా అడ్డం వస్తే, మనం తొక్కకపోయినా బండే బ్రేకు వేసుకుంటుంది. ఇరవై ఏళ్లుగా బండ్లు నడుపుతున్న నాకు ఈ తెలివి ఎందుకులే అనుకున్నాను.

ఇంతవరకు రాసి ఆపేశాను. ఆ రాసింది ఎవరికీ పంపలేదు.

అంత బండి చేతికొచ్చినా నాకు సంతోషం లేదు. దానికి కారణం చెప్పాలి. అది చెప్పడమే నాకు అన్నిటికంటే కష్టం.

మా మంద పగలంతా రోడ్డుకు అవతల ఎర్రగుట్ట కింద మేసి, సాయంత్రం రోడ్డు దాటి ఇవతలి దొడ్డికి రావాలి. రోడ్డు వెడల్పు చేసిన తర్వాత బండ్లు వాయువేగంతో పోతున్నాయి. మంద దాటాలంటే ఇద్దరు మనుషులు తప్పనిసరి. ఒకరు ముందు నడిరోడ్డు మీద చెయ్యెత్తి నిలబడి బండ్లను ఆపాలి. ఇంకొకరు వెనక నుంచి గొర్రెలను అదిలించుకుంటూ రావాలి. చివరి గొర్రె దాటి, వెనక మనిషి కూడా దాటాకే ముందు మనిషి చెయ్యి దించాలి. గొర్రెలు కాసే ప్రతి ఇంట్లో ఇది పిల్లలకు కూడా తెలుసు.

ఈ బండి రాకముందు చలికాలంలో, బాపుకు తోడుండే మా మేనమామ పెళ్లికని వేరే ఊరు పోయాడు. పొద్దున్నే బాపు నాతో అన్నాడు: "పొద్దు గుట్ట మీదికి రాంగనే రోడ్డు కాడ ఉండు బిడ్డా. ఒక్కనితోని కాదు." బాపు దగ్గర ఫోన్ ఉన్నా టైము మాత్రం పొద్దును బట్టే చెప్పేవాడు. నేను సరేనన్నాను.

ఆ మధ్యాహ్నం ఈ బండిని నడిపి చూడ్డానికి పట్నం పోయాను. షోరూం వాళ్లు ఒక రౌండ్ అన్నారు. దిగబుద్ధి కాలేదు. ఇంకో రౌండ్ అడిగాను, అది కూడా అయ్యాక ఊరి బయటి పెద్ద రోడ్డు మీద ఒక్కసారి అని అడిగాను. జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాను, బాపు. సైలెంట్‌లో పెట్టి మళ్లీ జేబులో వేసుకున్నాను. రెండోసారి మోగినట్టు కూడా నాకు తెలియదు. ఆ సాయంత్రమే బండి బుక్ చేశాను.

బాపు నా కోసం చాలాసేపు మందను అవతలే ఆపి చూశాడట. చేనులో ఉన్నవాళ్లు చెప్పారు. పొద్దు పూర్తిగా కిందికి దిగాక ఇక లాభం లేదనుకుని తనే ముందు నడిచి మందను దాటించాడు. వెనక ఆగిపోయిన నాలుగైదు గొర్రెల కోసం మళ్లీ అవతలికి పోయాడు. వాటిని తోలుకొస్తుంటే ఏదో కారు గుద్దింది, ఆగకుండా వెళ్లిపోయింది. అది ఎవరిదో ఇప్పటికీ తెలియదు. ఒక్క గొర్రెకు కూడా దెబ్బ తగల్లేదు.

నేను ఎక్కడున్నానో ఎవరికీ చెప్పలేదు. టిప్పర్ దిగబడిందని, దాంతో ఆలస్యమైందని అమ్మతో అబద్ధం ఆడాను. అందరూ నమ్మారు. మందను దూరపు బంధువుల ఊరికి తోలేశాం. ఆరు నెలలకు బండి వచ్చింది. ఎందుకు వద్దనలేదని మీరడగవచ్చు. బాపు పోయినా ఆ బండి మీద మోజు పోలేదు. సిగ్గుతో చెబుతున్నాను.

బండి వచ్చిన తొమ్మిదో రోజు సాయంత్రం నందికొండ నుంచి ఇంటికి వస్తున్నాను. ఎర్రగుట్ట మలుపు తిరగ్గానే డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది, బండి ఒక్క కుదుపుతో నిలబడిపోయింది. ఎదురుగా ఏమీ లేదు. పిల్లి కూడా లేదు. మామూలుగా ఇలా ఆగితే, యాక్సిలరేటర్ తొక్కగానే బ్రేకు వదలాలి. వదల్లేదు. ఇంజిన్ అరిచింది గానీ చక్రం కదల్లేదు. కాసేపటికి లైటు ఆరిపోయింది, బ్రేకు దానంతటదే వదిలింది.

సాయంత్రపు ఎండ కెమెరాలో పడి ఉంటుందనుకున్నాను. మర్నాడు పొద్దున అక్కడే నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పాను. ఆగలేదు. సాయంత్రం మళ్లీ ఆగింది. మూడో రోజు మబ్బు పట్టి ఎండే లేదు. అయినా ఆగింది. నాలుగో రోజు సెట్టింగుల్లోకి పోయి ఆ ఆటోమేటిక్ బ్రేకును పూర్తిగా ఆపేశాను. అయినా ఆగింది. ఫోన్‌లో టైము చూసుకుంటూ కూర్చున్నాను. మూడు నిమిషాలకు కొంచెం ఎక్కువ.

ఒక సాయంత్రం షోరూం మెకానిక్‌ను పిలిపించాను. బాపు సంగతి అతనికి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ముందు అలాంటిదే ఇంకో బండిలో ఆ మలుపు దాటాం, ఏమీ కాలేదు. వెంటనే నా బండిలో వచ్చాం, ఆగింది. అతను ల్యాప్‌టాప్ తగిలించి చాలాసేపు చూశాడు. "కెమెరాకు ఏదో కనవడ్డట్టే రికార్డయింది సార్. ఎడమ దిక్కు నుంచి కుడి దిక్కుకు పోతున్నయి. ఒకటి గాదు, మస్తున్నయి" అన్నాడు. తర్వాత తనే నవ్వేసి, కెమెరా పాడైనట్టుంది, మారుస్తాం అన్నాడు. మార్చారు. ఏమీ తేడా రాలేదు.

ఎడమ పక్క ఎర్రగుట్ట. కుడి పక్క మా దొడ్డి ఉండేది.

అప్పటికీ నేను ఒప్పుకోలేదు. తర్వాతి వారం రిజిస్ట్రేషన్ పనిమీద నల్లగొండ పోతుంటే పానగల్ దగ్గర ఎవరిదో మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. ముందు ఒకాయన చెయ్యెత్తి నిలబడ్డాడు, వెనక ఒకామె అదిలిస్తోంది. మా మంద కూడా అంతే ఉండేది. ఎందుకో చెయ్యి ఫోన్ మీదికి పోయింది. చివరి గొర్రె దాటేసరికి మూడు నిమిషాలకు కొంచెం ఎక్కువ పట్టింది. వెనక బండ్లు హారన్ కొడుతున్నా బండి కదిలించలేదు. స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను.

ఆ రోజు నుంచి చుట్టుదారిలో తిరిగి ఇంటికి రావడం మొదలుపెట్టాను.

ఒకరోజు అమ్మ నందికొండలో ఉన్న తన చెల్లెలిని చూసి వద్దామంది. ఈ బండి ఎక్కడం ఆమెకు అదే మొదటిసారి. తిరిగి వచ్చేటప్పుడు నేను చుట్టుదారి వైపు తిప్పబోయాను. "గిటెందుకు పోతున్నవ్? మన తొవ్వ గది గాదా?" అంది. నేరుగా పోనిచ్చాను. పొద్దు గుట్ట మీద ఉంది.

మలుపులో బండి ఆగింది. అమ్మ అదిరిపడలేదు. ఏమైందని కూడా అడగలేదు. ముందున్న ఖాళీ రోడ్డునే చూస్తోంది. నాలో ఏదో తెగిపోయింది.

"ఆ దినం టిప్పర్ కాడ లేనమ్మా. పట్నంల గీ బండే నడుపుకుంట ఉన్న. బాపు ఫోన్ జేసిండు. సూసి గూడ ఎత్తలే" అన్నాను.

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను. అమ్మ తలుపు తీసింది.

"ముచ్చట్లు ఇంటికి పోయినంక. ముంగట నువ్వు నిలవడు, ఎనక నేను పడత. మందను గిట్ల నడి తొవ్వల ఇడిసిపెడ్తరారా?"

ఆమెకు ఏం అర్థమైందో, ఎలా అర్థమైందో నేను అడగలేదు. దిగిపోయి నడిరోడ్డు మీద చెయ్యెత్తి నిలబడ్డాను. అమ్మ ఎడమ పక్కకు దిగి, చేతులు చాపి, నాలుకతో చప్పుడు చేస్తూ నెమ్మదిగా రోడ్డెక్కింది. నాకు అమ్మ తప్ప ఏమీ కనిపించలేదు. చెప్పొద్దూ, లోపల భయం కంటే సిగ్గే ఎక్కువగా ఉంది. ఈ పని ఆ రోజు చేసి ఉంటే బాపు ఉండేవాడు కదా అని కుమిలిపోయాను.

తిరుమలగిరి వైపు నుంచి ఒక లారీ వచ్చింది. నంబరు మా జిల్లాది కాదు. హారన్ కొడతాడు, తిడతాడు అనుకున్నాను. దూరంగానే ఆపి ఇంజిన్ కూడా బంద్ చేశాడు. అమ్మ కుడి అంచుకు చేరి, తిరిగి వచ్చి నా పక్కన నిలబడింది. నేను చెయ్యి దించాను.

లారీ డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఆగన్నా, జర ఆగు. గా పెద్దాయన ఇంక దాటలే. మెల్లగ రానియ్యి పాపం."

నేను గిరుక్కున వెనక్కి తిరిగాను. తారు రోడ్డు, దాని మీద ఎండ, అంతే. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మళ్లీ చెయ్యెత్తాను. ఎంతసేపు ఎత్తి ఉంచాలో నాకు తెలియలేదు. "ఇగ సాలు బిడ్డా" అని అమ్మ అనేదాకా దించలేదు. లారీ కదిలింది. డ్రైవర్ మా వైపు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. అతన్ని ఆపి అడగాలన్న బుద్ధి నాకు పుట్టలేదు.

ఆ తర్వాత బండి ఆ మలుపులో ఎప్పుడూ ఆగలేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యింది సార్, దానితోనే సరైంది అని మెకానిక్ అంటాడు. అయి ఉండవచ్చు. మొదటి నుంచీ అదేనేమో. అతనితో వాదించే చదువు నాకు లేదు.

లారీ డ్రైవర్ సంగతి మాత్రం ఎవరికీ ఏ రకంగానూ వివరించి చెప్పలేకపోతున్నాను. అతను మా ఊరివాడు కాదు, బాపు గురించి అతనికి తెలిసే వీలు లేదు. ముక్కూ మొహం తెలియని ఆ మనిషికి మా బాపు కనిపించాడు. కన్నకొడుకును, అక్కడే చెయ్యెత్తి నిలబడ్డాను, నాకు కనిపించలేదు.