అడిగేదాకా ఆగిన టీచరమ్మ

మా పాప టీచరమ్మ పోయారని ఆదివారం పొద్దున్న ఫోన్ వచ్చింది. నిద్రలోనే వెళ్లిపోయారట. వెంటనే ఏడుపు రాలేదు నాకు. ఆవిడ నా చేతి మీద వేసిన దెబ్బ గుర్తొచ్చి ముందు నవ్వొచ్చింది.

మా పాపకు ఆటిజం. ఐదేళ్లొచ్చినా మాట రాలేదు. దాని చూపు ఎటు తిరిగితే అటున్న వస్తువు తెచ్చి చేతిలో పెట్టేదాన్ని. ఆకలో దాహమో ముఖం చూసి చెప్పేస్తానని కాస్త గర్వం కూడా. లోపల మాత్రం ఒకటే దిగులు: నేను లేని రోజున దీనికేం కావాలో ఎవరికి తెలుస్తుంది?

కూర్మన్నపాలెంలో ఒక మేడ మీద గదిలో ఇలాంటి పిల్లలకు నేర్పేవారు ఆవిడ. మొదటి రోజే గట్టిమూత డబ్బాలో జంతికలు పోసి పాప ముందుంచారు. పక్కనే జంతిక ఫోటో అంటించిన అట్టముక్క. అది తీసి ఆవిడ చేతిలో పెడితే మూత తీస్తారు. పాప డబ్బా గుంజింది, అరిచింది. నా చెయ్యి ఊరుకోలేదు, మూత మీదికి వెళ్లింది. టప్పున ఒక్కటేశారు.

“జంతికలు నీకేటమ్మా కావాల? అడగందే అమ్మైనా పెట్టదంటారు. నువ్వేమో అడక్కముందే పెట్టెత్తన్నావు. ఇంక పిల్లెందుకు అడుగుతాది?”

నన్ను పాప వెనకాల కూర్చోబెట్టి, దాని చెయ్యి పట్టుకుని అట్ట తీయించే పని అప్పగించారు. తర్వాత్తర్వాత ఆ పని కూడా మాన్పించేశారు. పాప ఆలోచించుకున్నంతసేపూ ఆవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని, చర్చి పాటేదో కూనిరాగం తీస్తూ కూర్చునేవారు. నాకు ప్రాణం మీదికొచ్చేది. “మాటలొత్తే రానీ, రాకపోతే మానీ. ముందు అడగడం రావాల,” అనేవారు.

ఒక్కొక్క అట్టే పెరిగి, పాప నడుముకు కట్టిన చిన్న సంచీలో చేరాయి. ఒకరోజు పాఠం మధ్యలో పాప ‘వద్దు’ అట్ట తీసి ఆవిడ చేతిలో పెట్టింది. అంతే, సామానంతా సర్దేశారు.

“అదేంటండీ, ఇప్పుడేగా మొదలెట్టారు?” అన్నాను.

“వద్దంది కదమ్మా! నాను ఆపకపోతే అడిగి లాభమేటని అనుకోదా?” అని పకపకా నవ్వారు. పాఠం పోయినందుకు అంత సంబరపడ్డ టీచర్ని నేనింకెక్కడా చూడలేదు. ఆవిడకు నేను ఎంత రుణపడ్డానో చెప్పడం నా వల్ల కాదు.

సమాధి చేసి వచ్చాక వాళ్లింట్లో ప్రార్థన పెట్టారు. స్టీలు ప్లాంటులో రిటైరైన ఆవిడ భర్త, వచ్చి కూర్చున్నప్పట్నుంచీ ఎవరు పలకరించినా కుర్చీలోంచి కదల్లేదు. మేము ఆయనకు తెలియదు. పాపకు దాహం వేస్తోందని ముఖం చూస్తే తెలిసిపోయింది. నీళ్ల సీసా నా సంచిలోనే ఉంది. తీయలేదు.

పాప నా చెయ్యి విడిపించుకుని ఆ పెద్దాయన దగ్గరికి నడిచింది. నడుముకున్న సంచీలోంచి నీళ్ల బొమ్మున్న అట్ట తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని బొమ్మను చూశారు, పిల్లను చూశారు.

“నీలు కావాలేటమ్మా?” అంటూ లేచి, గ్లాసులో పోసి ఇచ్చారు.

గడగడా తాగేసి, గ్లాసు తిరిగిచ్చి, ఆయన పక్కన పెట్టిన బొమ్మను తీసి మళ్లీ ఆయన చేతిలోనే పెట్టింది. ఆయన జగ్గు వంచారు.