అత్త ఎంచిన చిన్న కార్బురేటర్

ఇవాళ కావలిలో ఎవరిదో పాత కారు దగ్గర పెట్రోలు వాసన తగలగానే మా మేనత్త గుర్తొచ్చింది. మీ ఇళ్ళలోనూ కారు నడిపే అత్తలుండేవారా?

మా పాత కారు బాణంలా పోవాలని నాన్న ఇంజనుకు పెట్రోలూ గాలీ కలిపి ఇచ్చే కార్బురేటర్ పెద్దది వేయించారు. దాంతో మెల్లగా నడిపితే చాలు, బండి ఆగిపోయేది.

"అన్నా, మనమేమన్నా పందేలకు పోతామా? ఈ ఇంజనుకు చిన్నదే సరిపోతుంది," అంటూ అత్త తనే మార్చి బిగించింది.

ఆ వారమే తుఫాను వానలో అమ్మకు నొప్పులొచ్చాయి. అత్త తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. తోటపల్లి గూడూరు నుంచి నీళ్ళు నిలిచిన రోడ్డు మీద నత్తలా పోతున్నా ఎక్కడా ఆగలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని నేను అత్తనే చూస్తూ కూర్చున్నాను, రెప్ప వేయకుండా.

నెల్లూరు ఆసుపత్రిలో తమ్ముడు కేరుమనగానే నాన్న అత్త చేతులు పట్టుకున్నారు. "నువ్వు తెచ్చినావు తల్లీ వీణ్ణి!"