మా అత్త ముడేసిన ఇంగ్లీషు

మా అత్త పేరు సుభద్రమ్మ. యాభై ఎనిమిదేండ్లు. పోచంపల్లికొచ్చి పోయినోళ్ల ఫోన్లల్ల ఆమె చేతుల ఫొటోలు ఎన్నున్నయో లెక్కలేదు. నూలుకు ముళ్లు వేసే చేతులు, ముళ్లిప్పే చేతులు, రంగంటిన గోర్లు. ఢిల్లీ నుంచి వచ్చినోళ్లు, విమానాలెక్కి వచ్చినోళ్లు, అందరు వొంగి వొంగి ఆ చేతులనే తీస్కపోతరు. ఆ చేతుల ఎనుక ఒక మనిషుందని, ఆ మనిషికి ఇంత నోరుందని ఎవ్వరికి పట్టది. నేను కోడలిని, ఆ నోరెంతదో నాకెరుక.

వచ్చినోళ్లను ఇల్లిల్లు తిప్పి మగ్గాలు చూపెట్టేది అమరేందర్. మా వాడ పిలగాడే, మంచోడే. కరోనా పోయినంక ఒకనాడు ఒక మేడమ్‌ను తోలుకొచ్చిండు. ఈ పని ఎట్ల చేస్తరని ఆమె అడిగింది. మా అత్త చేతిల పని పక్కన పెట్టింది. నూలు మీద డిజైను ఎట్ల గుర్తు పెడతరో, రంగు ఎక్కొద్దన్న కాడ సైకిల్ ట్యూబు కోసిన రబ్బరుతోని ఎట్ల బిగించి కడతరో, ఎన్ని మాట్లు కట్టి, ముంచి, ఇప్పితే ఒక పువ్వు తేలుతదో పూస గుచ్చినట్టు చెప్పింది. అయిదు నిమిషాలు చెప్పింది. అమరేందర్ మేడమ్ దిక్కు తిరిగి, "వెరీ హార్డ్ వర్క్, మేడమ్. పూర్ లేడీ" అన్నడు. గంతే, అయిపోయింది.

పూర్ అంటే ఏందని మా అత్త ఆ పొద్దుమూకి అతియాను అడిగింది. అతియా మా ఎదురింటి ఫక్రుద్దీన్ భాయ్ బిడ్డ, బస్సుల హైదరాబాదు పోయి డిగ్రీ చదువుతది. పేద అని ఆ పిల్ల చెప్పంగనే మా అత్త ముఖం మాడిపోయింది.

"నేను పేదదాన్నని చెప్పమన్ననా వానికి? నా పని చెప్పమన్న."

ఆ పూట అన్నం సుత సరిగ తినలే. ఈమె ఇగ ఊకోదని నాకు అప్పుడే అర్థమైంది. అనుకున్నట్టే తెల్లారి అతియాను పట్టుకున్నది. నా పని నేనే నా నోటితోని చెప్పుకుంట, నాకు ఇంగ్లీషు నేర్పు బిడ్డా అని కూసున్నది.

అతియా నౌకరి ఇంటర్వ్యూలకు తయారైతాంది. ఇంగ్లీషోళ్లు రోజు మాట్లాడుకునే మాటలన్ని ఒక నోటుబుక్కుల రాసుకున్నది. గ్రామరు మొదలువెడితే పెద్దమ్మ పారిపోతదని ఆ బుక్కే తెరిసింది. పీస్ ఆఫ్ కేక్ అంటే సులువైన పని అని ఆ పిల్ల చెప్తే నాకు నవ్వాగలే. కేకు ముక్కకు పనికి సంబంధమేంది అన్న. మా అత్త నన్ను కసిరింది. మొగని మీద లేస్తే నా పానం తింటున్నవంటవు గద, వాడు నిజంగ నమిలి మింగుతున్నడా అని అడిగింది.

ఇంగ్లీషోళ్లు గూడ మన లెక్కనే మాట్లాడుతరని ఆమెకు మస్తు సంబరమైంది. ఒక కట్టుబాటు సుత పెట్టుకున్నది. ఇంగ్లీషు మాటకు మన దిక్కు మాట జోడు దొరకాలె, దొరికితేనే నేర్చుకునుడు. పీస్ ఆఫ్ కేకుకు చిటికెల పని. వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్‌కు అమాసకో పున్నానికో. కండ్లు తిరిగే ధరకు ఇంగ్లీషుల ఒక చెయ్యి, ఒక కాలు ఖర్చయిందంటరట. అది మాత్రం ససేమిరా అన్నది. మగ్గం మీద కూసున్నోళ్లకు చేతులు కావాలె, తొక్కుటానికి కాళ్లు కావాలె, అసొంటి మాట మా ఇంట్ల వద్దని బుక్కుల కొట్టేయించింది. పాపం ఆ పిల్లను ఇంటర్వ్యూల అదే అడిగితే ఏం చెప్పేదో.

రాసుకునే అలవాటు మా అత్తకు లేదు. పనికిరాని నూలు కట్టను గోడ మొలకు ఏలాడదీసింది. ఒక మాట నేర్చుకుంటే ఒక రబ్బరు ముడి. ఆ మాటను తగిన మనిషితోని తగిన ఏళకు అన్ననాడే ఆ ముడి ఇప్పాలె. రంగు పట్టకముందే ముడి ఇప్పితే ఏమొస్తదని నన్నే అడిగింది.

ఇగ చూడండ్రి మా ఇంట్ల జాతర. ఒకనాడు పొద్దుగాల దుప్పటి కప్పుకొని "ఐ యామ్ అండర్ ది వెదర్" అన్నది. మా మామ ధర్మయ్య అర్థమేందని ఎవ్వరిని అడగలే, లేచి పోయి చాయ్ పెట్టుకొచ్చిండు. పానం బాగలేదని చెప్పనీకి ఆమె మూలుగు చాలు, నలభై ఏండ్ల కాపురం. నాలుగు నెలలకు గాజులు అమ్మనీకి వచ్చిన అజ్మత్ బీని "లాంగ్ టైమ్ నో సీ" అని పిలిచింది. అజ్మత్ బీ ఏమనుకున్నదో ఏమో, రెండు గాజులు ఎక్కువేసి పోయింది.

నాకొచ్చింది తంటా. నేను కూర జర ఆలస్యం చేస్తే చాలు, గుమ్మంల నిలవడి "టేక్ యువర్ టైమ్" అంటది. నిమ్మలంగ కానియ్యి అని దానికి జోడు. ఆమె ఎంత నిమ్మలంగ అంటదో నాకు అంత కాలుతది. నేను పోయి అతియాకు చెప్పిన. అది ప్రేమతోని అనే మాట పెద్దమ్మా, దెప్పనీకి కాదు అని ఆ పిల్ల ఆ ముడి ఇప్పనియ్యలే. నా కడుపు చల్లవడ్డది.

ఇంకొక ముడి గూడ ఇప్పకుంటనే ఉన్నది. ఇట్ ఈజ్ ఆన్ ది టిప్ ఆఫ్ మై టంగ్. నోట్లెనే ఉన్నది, బయటికి వస్తలేదు అని దానర్థం. మరుపున్నోళ్లకు గద గా మాట, నాకెందుకు అన్నది మా అత్త. నా పెండ్లినాడు మా అమ్మ ఏ రంగు చీర కట్టుకున్నదో ఇప్పటికి చెప్తది ఆమె. అయిదు నెలలైనా ఆ ముడి గట్లనే ఏలాడుతాంది.

ఫిబ్రవరిల ఇంగ్లండు నుంచి నేత నేర్చుకునే పిల్లలు తొమ్మిదిమంది, వాళ్ల టీచరమ్మ వస్తున్నరని తెలిసింది. మా అత్త అమరేందర్‌ను పిలిచి, గీ ఒక్కసారి నన్ను మాట్లాడనియ్యి అని అడిగింది. వాడు తల గోక్కున్నడు. వాళ్లకున్నది అర్ధగంట, నువ్వు నడుమల ఆగితే నేను అందుకోవాలె, నా మాట పోతది గదమ్మా అన్నడు.

"నేను ఆగిపోతే నువ్వే చెప్పు. మల్ల ఈ జన్మల అడుగ."

ఆ మాట ఇని నాకు గుబులైంది. ఆమె మాటంటే మాటే. గీ ఒక్కరోజు తప్పితే బతికినన్ని దినాలు చేతులే చూపెట్టి ఊకుంటది. మా ఇద్దరికి రోజు కొట్లాటే, కాదనను. కాని ఆమె ఓడిపోవుడు నేను చూడలేను.

ఆరోజు అతియా కాలేజీ ఎగ్గొట్టి గుమ్మం కాడ నిలవడ్డది. వాళ్లొచ్చిన్రు, చెప్పులిడిసి లోపటికొచ్చిన్రు. పది ఫోన్లు లేసినయి, పదీ మా అత్త చేతుల మీదికే వొంగినయి. ఆమె నోరు తెరిసింది. మాట రాలే. మేక్ యువర్‌సెల్ఫ్ ఎట్ హోమ్ అని మొదలువెట్టాలె, ఇరవై దినాలు నన్ను కూసోబెట్టుకొని చదివింది అది. ఒక్క ముక్క రాలే. అమరేందర్ కొంచెంసేపు ఆగి చూసిండు, ఇగ తప్పదని గొంతు సవరించుకొని "వెరీ హార్డ్" దాక వచ్చిండు.

మా అత్త చెయ్యెత్తి వాన్ని ఆపింది.

"వన్ మినిట్. ఇట్ ఈజ్ ఆన్ ది టిప్ ఆఫ్ మై టంగ్."

తెల్లజుట్టు టీచరమ్మ పకపక నవ్వింది. ఎక్కిరింపు నవ్వు కాదు, మా వాడ ఆడోళ్లు అరుగు మీద నవ్వుకునే నవ్వు. ఫోను సంచిల వేసింది, మా అత్త ముందట చాప మీద కూసున్నది. కూసోని "టేక్ యువర్ టైమ్" అన్నది, ఎంత ప్రేమగన్నదో. మా అత్త నా దిక్కు చూసింది. ఇద్దరం నవ్వినం, ఇగ ఆగలే.

ఆ నవ్వుతోని అన్ని మాటలు వచ్చినయి. ముడి చూపెట్టింది, రంగు చూపెట్టింది, ఒక్క పోగు జరిగితే ఫ్రమ్ స్క్రాచ్, మల్ల మొదట్నుంచి అన్నది. నాట్ ఎ పీస్ ఆఫ్ కేక్ అన్నది. గ్రామరు లేదు గీమరు లేదు, పిల్లలందరు ఫోన్లు దించి ఆమె నోరే చూస్తున్నరు. ఎన్నేండ్ల సంది చేస్తున్నవని ఒక పిల్ల అడిగితే, అమరేందర్ దిక్కు ఒకసారి చూసి, నీలిరంగు పట్టిన చేతిని తిప్పి ఎత్తిపట్టింది.

"ఫార్టీ ఇయర్స్. నాట్ పూర్ లేడీ. ఐ నో దిస్ వర్క్ లైక్ ది బ్యాక్ ఆఫ్ మై హ్యాండ్."

కండ్లు మూసుకొని చేస్త అని మనమనే మాటే అది. గుమ్మం కాడ అతియా ఏడుస్తాంది, నాకు సుత కండ్లల్ల నీళ్లాగలే. అర్ధగంట అన్నోళ్లు రెండు గంటలున్నరు.

ఆ పొద్దుమూకి ఆ టిప్ ఆఫ్ మై టంగ్ ముడి ఎంతకూ రాకుంటే మా అత్త పండ్లతోని కొరికి ఇప్పింది. నేను ఆ సంబరంల పొయ్యి ముట్టిచ్చుడే మర్శిపోయిన. గుమ్మంల నిలవడి "టేక్ యువర్ టైమ్, బిడ్డా" అన్నది. దెప్పలే, నిజంగనే అన్నది. అతియాను పిలిచి ఆ ముడి గూడ నేనే ఇప్పిచ్చిన. అప్పట్నుంచి అమరేందర్ ఎవల్ని తోలుకొచ్చినా "ఆస్క్ హర్" అని పక్కకు జరిగి నిలవడతాండు.

వారం దినాలకు టీచరమ్మ, ఆ పిల్లలల్ల ఎవరో తీసిన ఒక ఫొటో నా ఫోనుకు పంపింది. ముందట ఎత్తిన చెయ్యి, దానెనుక పండ్లన్ని కనవడేటట్టు తెరిసిన నోరు. మా అత్త కండ్లద్దాలు పెట్టుకొని చానసేపు చూసింది.

"చేతులవి చాన ఉన్నయి పిల్లా," అన్నది. "నాది గిదే మొదటిది."